కరెంటు సంస్కరణలూ, మన సాంచా మోటారూ: పరిశోధన ఖర్చు ఎవరి పద్దులో?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో విద్యుత్ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉపసంఘంలో మేము అయిదుగురం. ఇద్దరం సాంచాలు నడిపేవాళ్లం. ఒకరు మోటార్లు రీవైండింగ్ చేస్తారు. ఒకరు కరెంటు శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఒకరు ఇంజనీరింగ్ చదువుతున్న మన అమ్మాయి. పోయిన ఏడాది సమాఖ్య మాకు అప్పజెప్పిన పని చిన్నదే. మన కారఖానాల కరెంటు బిల్లులు చూసి, ఎక్కడ తగ్గించుకోవచ్చో చెప్పమన్నారు. బిల్లులు చూస్తూ చూస్తూ మేము ఇంకో ప్రశ్న దగ్గర ఆగిపోయాం. సాంచాకు తక్కువ కరెంటు తినే మోటారు తయారుచేసి, మన దగ్గర నడిపి చూపించాల్సిన బాధ్యత అసలు ఎవరిది? దానికి డబ్బు ఎవరు పెట్టాలి? ఇవ్వాళ చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే.

ఉమ్మడి ఇల్లు, వేరు కాపురాలు

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు ప్రతి రాష్ట్రంలో కరెంటు అంటే ఎలక్ట్రిసిటీ బోర్డే. 1948 నాటి చట్టం కింద ఏర్పడిన బోర్డులవి. కరెంటు పుట్టించేదీ, పెద్ద లైన్ల మీద తెచ్చేదీ, మన గుమ్మం దాకా ఇచ్చి బిల్లు వేసేదీ ఒక్కరే. ఆ కాలాన్ని మేము పొగడటం లేదు. కోతలు ఎన్ని పడ్డామో మనకు తెలుసు. సగం బీమ్ నడిచాక కరెంటు పోతే గుడ్డ మీద పడే మచ్చ ఎట్లా ఉంటుందో, దానికి ఆసామి ఎంత కూలి కోస్తాడో కూడా తెలుసు. బోర్డులు నష్టాల్లో మునిగాయి, అందుకే సంస్కరణలు వచ్చాయి.

మొదలుపెట్టింది మన బరంపురం వాళ్ల రాష్ట్రమే. ఒడిశా 1996లో బోర్డును విడగొట్టింది, 1999లో పంపిణీని ప్రైవేటు కంపెనీల చేతికిచ్చింది. ఆ ఏడాదే అక్టోబరులో మహా తుపాను వచ్చి లైన్లన్నీ కూల్చేసింది. 2001లో మధ్య ఒడిశా చూసే అమెరికా కంపెనీ వెళ్లిపోయింది. మిగతా మూడు మండలాల లైసెన్సులు 2015లో రద్దయ్యాయి. 2020, 2021లో నాలుగు మండలాలూ మళ్లీ కొత్త చేతుల్లోకి వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక బోర్డులు 1999లో విడిపోయాయి. 2003లో దేశమంతటికీ కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. మహారాష్ట్ర బోర్డు 2005లో, తమిళనాడు బోర్డు 2010లో వేరుపడ్డాయి. 2008 నుంచి కరెంటు కొని అమ్మే ఎక్స్‌ఛేంజి కూడా నడుస్తోంది. నూలు బజారులో ధర పలికినట్టు అక్కడ యూనిట్‌కు ధర పలుకుతుంది.

ఉమ్మడి కుటుంబం వేరుపడినప్పుడు ఏం జరుగుతుంది? పొలం పంచుకుంటారు, మగ్గాలు పంచుకుంటారు, ఎవరి లెక్క వాళ్లు చక్కగా చూసుకుంటారు. పెరట్లో బావి మాత్రం ఉమ్మడిగా మిగిలిపోతుంది. నీళ్లు అందరూ తోడుకుంటారు. పూడిక తీయాలంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూస్తారు. కరెంటు రంగంలో పరిశోధన ఆ బావిలాంటిదే. ఇవ్వాళ ఖర్చు పెడితే ఫలితం పదేళ్లకు రావచ్చు. వచ్చినా ఖర్చు పెట్టినవాడికే దక్కుతుందన్న భరోసా లేదు.

వేరే దేశాల్లో ఏమైంది

ఇది మేము ఊహించి చెబుతున్న మాట కాదు. మనకంటే ముందు విడగొట్టుకున్న దేశాల అనుభవం ఉంది.

బ్రిటన్‌లో అంతకుముందు ఒకే పెద్ద ప్రభుత్వ సంస్థ కరెంటు పుట్టించి, పెద్ద లైన్లు నడిపేది. దానికి సొంత పరిశోధనశాలలు ఉండేవి. 1989లో చట్టం చేసి, 1990లో దాన్ని ముక్కలు చేశారు, తర్వాత అమ్మారు. కొత్త కంపెనీలు పోటీలో పడ్డాయి. ఎవరికి వాళ్లు ఖర్చు తగ్గించుకోవాలి, వాటాదారులకు లాభం చూపించాలి. గ్యాస్ టర్బైన్లు తయారుగా దొరుకుతున్నాయి, కొనుక్కొచ్చి పెట్టుకున్నారు. పరిశోధన పద్దు కోసేశారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో జమాస్బ్, పోలిట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ విషయం మీద ఏళ్ల తరబడి రాశారు. సంస్కరణ తర్వాత పరిశోధన ఖర్చు బాగా పడిపోయిందని, పోటీ వల్ల రోజువారీ పనితనం పెరిగినా దూరదృష్టితో చేసే పరిశోధన తగ్గిందని వాళ్లు చెప్పారు.

పదిహేనేళ్లు గడిచాక అక్కడి నియంత్రణ సంస్థకు సంగతి అర్థమైంది. 2005లో కొత్త నియమం పెట్టింది. లైన్లు నడిపే కంపెనీలు తమ ఆదాయంలో అర శాతం వరకు కొత్త ప్రయోగాల మీద ఖర్చు పెట్టి, అందులో ఎక్కువ భాగం టారిఫ్‌లో రాబట్టుకునే వీలుండేది. 2010లో ఇంకా పెద్దది వచ్చింది. అయిదేళ్లకు 50 కోట్ల పౌండ్ల నిధి. తెచ్చుకున్న పాఠం అందరికీ చెప్పాలన్నది అందులో షరతు.

అమెరికాలో కాలిఫోర్నియా వాళ్లు మార్కెట్ తెరిచిన చట్టంలోనే, అంటే 1996లోనే, ఈ జాగ్రత్త రాసుకున్నారు. కంపెనీలు తమ కోసం చేసుకోని, జనానికి మాత్రం అవసరమైన పరిశోధన కోసం ఏటా 6 కోట్ల 25 లక్షల డాలర్లు బిల్లుల మీద చిన్న సర్‌చార్జీగా వసూలు చేశారు. ఆ రాష్ట్రపు మార్కెట్ సంస్కరణ 2000, 2001లో ఘోరంగా దెబ్బతింది, చీకట్లు కమ్మాయి. ఆ పరిశోధన నిధి మాత్రం 2011 చివరిదాకా నడిచింది. దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది.

ఈ రెండు కథల్లోనూ మేము నేర్చుకున్నది ఒకటే. మార్కెట్ పరిశోధనను దానంతటదే చేయదు. చేయాలని ఎవరో నియమం రాయాలి, దానికి పద్దు కట్టాలి. బ్రిటన్ ఆలస్యంగా రాసింది, కాలిఫోర్నియా ముందే రాసింది.

మన దగ్గర ఏముంది

మన దేశంలో ఏమీ లేదని అనటం అన్యాయం. బెంగళూరులో కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ 1960 నుంచీ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్లు, మీటర్లు పరీక్షించే పెద్ద సంస్థ అది. 2003 చట్టంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేయాల్సిన పనుల్లో, పరిశోధనను ప్రోత్సహించటం కూడా ఒకటని రాసి ఉంది. అయితే పని రాసి ఉండటం వేరు, దానికి ప్రతి బిల్లులో పైసా కేటాయించటం వేరు. ఆ చట్టంలో అట్లాంటి పైసా లేదు.

రెండో సంగతి. సంస్కరణ వల్ల కొన్ని కొత్తలు చాలా వేగంగా వచ్చాయి. అవి ఏవో చూస్తే అసలు కిటుకు తెలుస్తుంది. భివండి వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. 2007 జనవరి నుంచి అక్కడ పంపిణీ ఫ్రాంచైజీ చేతికి వెళ్లింది. దేశంలో ఆ తరహా ఏర్పాటుకు అదే మొదటిది. అంతకుముందు ఆ ఊరికి వచ్చే కరెంటులో సగానికి పైగా లెక్కలోకి వచ్చేది కాదు. కొన్నేళ్లలో ఆ నష్టం బాగా దిగింది. మీటర్లు మారాయి, ట్రాన్స్‌ఫార్మర్లు మారాయి, కేబుళ్లు మారాయి. ఎందుకంటే ఆ నష్టం తగ్గితే ఆ లాభం ఫ్రాంచైజీ ఖాతాలోనే పడుతుంది. ఒప్పందం గడువు లోపలే పెట్టుబడి తిరిగి వస్తుంది. ఇది తప్పు కాదు, మంచిదే.

మరి మన కారఖానా లోపల మోటారు సంగతి? ఆ మోటారు తక్కువ యూనిట్లు కాలిస్తే కరెంటు అమ్మేవాడికి అమ్మకం తగ్గుతుంది. దాని మీద పరిశోధన చేయమంటే ఎందుకు చేస్తాడు? మీటరు దాకా కొత్తదనం వచ్చింది, మీటరు ఇవతల ఆగిపోయింది.

మోటారు లెక్క

ఇక మన లెక్కకు వద్దాం. సాదా సాంచాకు మామూలుగా ఒక హార్స్‌పవర్ మోటారు ఉంటుంది. అంటే ముప్పావు కిలోవాట్. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం నాలుగు పోళ్ల ఈ సైజు మోటారు సామర్థ్యం ఐఈ1 తరగతిలో 72.1 శాతం, ఐఈ3 తరగతిలో 82.5 శాతం. పూర్తి లోడు మీద మొదటిది గంటకు 1.04 యూనిట్లు తింటే, రెండోది 0.91 యూనిట్లు తింటుంది. తేడా 0.13 యూనిట్. రోజుకు 12 గంటలు, నెలకు 25 రోజులు నడిస్తే 300 గంటలు. సాంచాకు 39 యూనిట్లు మిగులు. ఎనిమిది సాంచాల కారఖానాకు నెలకు 300 యూనిట్లకు పైనే. సాంచా ఎప్పుడూ పూర్తి లోడు మీద నడవదు కాబట్టి నిజంగా మిగిలేది ఇంతకంటే తక్కువే ఉంటుంది. మరోపక్క మన మోటార్లలో చాలావరకు కాలిపోయి రెండుసార్లు, మూడుసార్లు రీవైండింగ్ అయినవే. సరిగా చుట్టకపోతే వాటి సామర్థ్యం ఐఈ1 కంటే కూడా కిందే ఉంటుంది.

మరి బజారుకు వెళ్లి కొత్త మోటారు తెచ్చి బిగిస్తే సరిపోదా? మా రీవైండింగ్ అన్నగారు ఇక్కడే మమ్మల్ని ఆపారు. సాంచా ఆగిన దగ్గర నుంచి లేవాలంటే ఒక్కసారిగా బలం కావాలి. పోగు తెగినప్పుడల్లా ఆపుతాం, మళ్లీ నడుపుతాం. పంపుకో ఫ్యానుకో చేసిన మోటారుకు ఆ దెబ్బ తట్టుకోవటం కష్టం. ఇంకొకటి, మంచి మోటారు కాస్త ఎక్కువ వేగంగా తిరుగుతుంది. పుల్లీ మార్చకపోతే సాంచా వేగం పెరుగుతుంది, పోగులు తెగుతాయి, మిగిలిన కరెంటు డబ్బు పాడైన గుడ్డలో పోతుంది. ఏ పుల్లీ, ఏ బెల్టు, ఏ నూలుకు ఎంత వేగం, ఇవన్నీ మన కారఖానాల్లో మన సాంచాల మీద నడిపి చూడాలి. దీన్నే మేము పరిశోధన అంటున్నాం. పరిశోధన అనగానే పెద్ద ప్రయోగశాలే కళ్లముందు పెట్టుకోనక్కర్లేదు.

2017లో ఈ దారిలో ఒక మంచి ఆలోచన వచ్చింది. కేంద్ర విద్యుత్, జౌళి శాఖలు కలిసి ‘సాథీ’ అని ఒక పథకం ప్రకటించాయి. ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వ రంగ సంస్థ మంచి మోటార్లను, ర్యాపియర్ కిట్లను పెద్దమొత్తంలో కొని చిన్న కారఖానాలకు ఇస్తుందని, మనం వాయిదాల్లో కట్టుకోవచ్చని అప్పట్లో చెప్పారు. ఆ సంస్థే ఎల్ఈడీ బల్బుల్ని పెద్దమొత్తంలో కొనటంతో, 2014లో 300 రూపాయలు దాటిన కొనుగోలు ధర మూడేళ్లలో 40 రూపాయల లోపుకు దిగింది. బల్బు అంటే హోల్డరులో పెడితే వెలుగుతుంది. మోటారు అట్లా కాదు, సాంచాకు కుదరాలి, ఆ కుదిర్చే పనికి మనిషి కావాలి. ఆ మోటార్లు ఎన్ని కారఖానాలకు చేరాయి, చేరినవి ఎట్లా నడుస్తున్నాయి అన్న లెక్క మన ఊళ్లలో మనమే తీయాలి.

గంటను బట్టి ధర

ఇప్పుడు కొత్త సంస్కరణ ఒకటి తలుపు తడుతోంది. 2023లో కేంద్రం నియమాలు మార్చింది. స్మార్ట్ మీటరు పెట్టాక గంటను బట్టి ధర. పది కిలోవాట్లు దాటిన వ్యాపార, పరిశ్రమ కనెక్షన్లకు 2024 ఏప్రిల్ నుంచి, వ్యవసాయం తప్ప మిగతావాళ్లకు 2025 ఏప్రిల్ నుంచి అమలు చేయాలని అందులో ఉంది. పగటిపూట సౌర విద్యుత్ దండిగా ఉండే గంటల్లో కనీసం 20 శాతం తక్కువ. రద్దీ గంటల్లో పరిశ్రమలకు కనీసం 20 శాతం ఎక్కువ. ఏ రాష్ట్రంలో ఏ గంటలు, ఎంత అన్నది అక్కడి నియంత్రణ కమిషన్ ఖరారు చేస్తుంది.

మనకు దీని అర్థం ఏమిటి? పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఒక పాళీ, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంకో పాళీ నడిపే కారఖానాకు సాయంత్రం రద్దీ గంటలు భారం అవుతాయి. పగలు ఎక్కువ నడిపి, కండెలు చుట్టటం, బీమ్ ఎక్కించటం లాంటి పనులను సాయంత్రానికి సర్దుకోవచ్చా? సాయంత్రం మూడు గంటలకు బ్యాటరీ పెడితే గిట్టుతుందా? రాత్రిపాళీ మనిషికి కూలి పడుతుందా, పోతుందా? ధర మార్చటానికి ఒక ఉత్తర్వు చాలు. దానికి తగ్గట్టు పని మార్చుకోవటానికి ప్రయోగాలు కావాలి. ఉత్తర్వు వచ్చింది, ప్రయోగాలకు మాత్రం డబ్బు రాలేదు. పెద్ద మిల్లు అయితే ఇంజనీరును పెట్టుకుని లెక్క వేసుకుంటుంది. ఎనిమిది సాంచాల ఆసామి బిల్లు వచ్చాక తెలుసుకుంటాడు.

తమిళనాడు వాళ్లు, మాకు ఆ బాధ లేదు అనుకోవచ్చు. అక్కడ 2023 నుంచి రెండు నెలలకు మగ్గానికి 300 యూనిట్లు, సాంచాలకు 1000 యూనిట్లు ఉచితం. అది పోరాడి నిలబెట్టుకున్న హక్కు, దాన్ని వదులుకోమని మేము అనం. రాయితీ ప్రభుత్వం దయ మీద నిలబడుతుంది. మంచి మోటారు ఒకసారి వచ్చిందంటే ఏ ప్రభుత్వం ఉన్నా మన దగ్గరే ఉంటుంది. రెండూ అడుగుదాం.

మనవాళ్లు చేయలేదా?

పరిశోధన చదువుకున్నవాళ్ల పని, మనకెందుకు అని ఎవరైనా అంటే, ఆలేరు చింతకింది మల్లేశం గారిని తలుచుకోవాలి. ఆసు పోసీ పోసీ తల్లి భుజం నొప్పి పడుతుంటే చూడలేక, ఏళ్ల తరబడి కిందామీదా పడి 1999లో ఆసు యంత్రం చేశారు. చీరకు వేలసార్లు చెయ్యి ఆడించే పని కరెంటు మీద నడిచే యంత్రానికి అప్పగించారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బడి చదువు మధ్యలో ఆగినవారే. ఆ ఏళ్లలో అప్పులు చేసి, కూలిపని చేసుకుంటూ ప్రయోగం సాగించారు. మనం గర్వపడతాం, సరే. ప్రతి కొత్తకూ ఒక కుటుంబం ఇట్లా ఎండిపోవాలా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

మిల్లు యజమానులు ఈ ప్రశ్నకు డెబ్బై ఏళ్ల కిందటే జవాబు చెప్పుకున్నారు. ముంబైలో 1954లో, కోయంబత్తూరులో 1956లో జౌళి పరిశోధన సంఘాలు పెట్టుకున్నారు. సభ్య మిల్లులు చందా వేశాయి, ప్రభుత్వం తన వంతు కలిపింది. బావి పూడికకు వంతులు వేసుకున్నారన్న మాట. సాంచాల వాళ్లం లక్షల్లో ఉన్నా, ఒక్కొక్కరం చిన్నవాళ్లం కాబట్టి మన వంతు ఎవరూ అడగలేదు. మనమూ వేయలేదు.

మనం చేయగలిగినవి

మేము సమాఖ్య ముందు పెడుతున్న ప్రతిపాదనలు నాలుగు.

మొదటిది, కొలత. ప్రతి ఊళ్లో పది కారఖానాలు ముందుకు రావాలి. ఒక్కో కారఖానాలో ఒక సాంచాకు విడిగా చిన్న మీటరు పెడదాం. మూడు నెలలు పాత మోటారు, మూడు నెలలు కొత్త మోటారు. యూనిట్లు, నేసిన మీటర్లు, తెగిన పోగులు, మూడూ నోటుబుక్కులో రాయాలి. మన పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు కోసం వెతుక్కుంటున్నారు, ఇది వాళ్లకు ఇద్దాం.

రెండోది, విచారణ. టారిఫ్ పెంచేముందు నియంత్రణ కమిషన్ ప్రకటన ఇచ్చి జనం అభ్యంతరాలు, సలహాలు తీసుకోవాలని చట్టం చెబుతోంది. యానాం వాళ్లకు గోవా, కేంద్రపాలిత ప్రాంతాలకు కలిపి ఉన్న ఉమ్మడి కమిషన్. పెద్ద పరిశ్రమల వాళ్లు వకీళ్లతో వెళతారు. మనం పెంచొద్దని ఒక్క మాట అని వచ్చేస్తాం, లేదా అసలు వెళ్లం. ఈసారి ఆ మాటతో పాటు ఇంకొకటి అడుగుదాం. వినియోగదారుల దగ్గర కరెంటు ఆదా చేయించే కార్యక్రమాలకు, అంటే డీఎస్ఎంకు, మహారాష్ట్ర లాంటి చోట్ల 2010 నుంచే నిబంధనలున్నాయి. అందులో సాంచాల ప్రయోగాలకు ఒక పద్దు రాయమందాం. మొదటి ప్రతిపాదనలో రాసుకున్న నోటుబుక్కే అక్కడ మన సాక్ష్యం.

మూడోది, కలిసి కొనటం. సౌర, పవన విద్యుత్‌ను నచ్చినచోట కొనుక్కునే హద్దును 2022లో వెయ్యి కిలోవాట్ల నుంచి వంద కిలోవాట్లకు దించారు. ఒకే విద్యుత్ డివిజన్‌లో ఒక వినియోగదారుకు ఉన్న కనెక్షన్లన్నీ కలిపి వంద అయినా చాలని 2023లో సవరించారు. వంద కిలోవాట్లంటే దాదాపు 130 సాంచాలు. సొసైటీ పేరు మీద దీన్ని సాధించటం వీలవుతుందో కాదో ప్రతి రాష్ట్రంలో కమిషన్ నిబంధన చదివి చెప్పే బాధ్యత మాకు ఇవ్వండి.

నాలుగోది, మన వంతు. సమాఖ్య సభ్యత్వంలో సాంచాకు ఏడాదికి పది రూపాయలు ఈ పనికి విడిగా పెడదాం. చిన్న మొత్తమే, ఒప్పుకుంటాం. మేము కూడా వేశాం అని చెప్పినప్పుడు అడిగే నోటికి బలం వస్తుంది.

చట్టాన్ని మళ్లీ మార్చాలని, ఒకే ఊళ్లో ఇద్దరు ముగ్గురు కరెంటు అమ్మేలా చేయాలని 2022లో లోక్‌సభ ముందుకు బిల్లు వచ్చింది, స్థాయీ సంఘానికి వెళ్లింది. ఆ చర్చ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ప్రైవేటా ప్రభుత్వమా అన్న వాదంలో మన ఇళ్లలోనే రెండు పక్షాలు ఉన్నాయి. ఉండనివ్వండి. ఎవరు అమ్మినా సరే, మీటరు ఇవతల మోటారు గురించి, దాని ముందు నిలబడే మనిషి గురించి ఆలోచించటానికి ఒక పద్దు ఉండాలని రెండు పక్షాలూ కలిసి అడగవచ్చు. బ్రిటన్ వాళ్లకు ఆ సంగతి తెలియటానికి పదిహేనేళ్లు పట్టింది. మన బోర్డులు విడిపోయి అంతకంటే ఎక్కువే అయింది.

నోటుబుక్కులు బయట బల్ల మీద పెట్టాం. వెళ్లేముందు మీ ఊరి పేరు, మీ కారఖానాలో ఎన్ని సాంచాలున్నాయో రాసి వెళ్లండి.